మిల్లు తెరిచారు సరే, ఊరి మాటేమిటి?

కాగజ్‌నగర్‌లో రెండు పెద్ద ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఒకటి మళ్లీ తెరుచుకుంది, ఒకటి తెరుచుకోలేదు. కృత్రిమ పట్టు తీసిన సర్‌సిల్క్ 1980ల నడుమ ఆగిపోయింది. ఇప్పుడా పేరు ఎక్కువగా ఒక కాలనీ చిరునామాలోనే వినిపిస్తుంది. సిర్పూర్ పేపర్ మిల్లు, ఊళ్లోవాళ్ల నోట ఎస్‌పీఎం, 2014 సెప్టెంబరులో ఆగి, నాలుగేళ్ల తర్వాత చేతులు మారి మళ్లీ నడిచింది. ఒకే ఊళ్లో, ఒకే రకం కార్మిక కుటుంబాల మీదుగా నడిచిన ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు మామూలుగా ఒక మాట తేలుస్తారు: మంచి యజమాని దొరికితే ఊరు బతుకుతుంది, దొరక్కపోతే పోతుంది. అనుభవంలోంచి వచ్చిన మాటలాగే ఉంటుంది కానీ ఇందులో ఒక పద్దు రాయడం మరిచారు. మిల్లు కట్టినప్పుడు ప్రజల సొత్తు చాలానే అందులోకి వెళ్లింది. మిల్లు ఆగినప్పుడు నష్టం ఊరి మీద పడింది. తిరిగి తెరిచినప్పుడు రాయితీల రూపంలో ఖజానా మళ్లీ చెయ్యి వేసింది. ఇన్నిసార్లు భారం మోసిన ఊరికి, మిల్లుకు సంబంధించిన ఒక్క నిర్ణయంలోనైనా మాట చెల్లే చోటు లేకపోవడం ఎలా న్యాయం?

మొదటి నుంచీ చూద్దాం. ఈ ఊరు ఎక్కడబడితే అక్కడ పుట్టగలిగింది కాదు. కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు మార్గం 1929లో పూర్తయింది. దాంతో మద్రాసు, ఢిల్లీల మధ్య నేరుగా బండి నడిచే దారి హైదరాబాద్ రాజ్యం ఈశాన్యపు అడవుల్లోంచి పడింది. ఆ దారి మీదే కాస్త దక్షిణాన బెల్లంపల్లి బొగ్గు గనులు. పక్కనే ప్రాణహిత వైపు పారే పెద్దవాగు. చుట్టూ ఆదిలాబాద్ అడవుల వెదురు. బొగ్గు, నీళ్లు, వెదురు, రైలు: కాగితం మిల్లుకు కావలసిన నాలుగూ ఒక్కచోట కూడిన తావు ఇది. నిజాం ప్రభుత్వం అప్పటికే పారిశ్రామిక ట్రస్టు నిధి అని ఒకదాన్ని నెలకొల్పి, కొత్త కంపెనీల్లో వాటాలు కొని, అప్పులిచ్చి నిలబెడుతోంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ లాంటివన్నీ ఆ కాలపు పనులే. సిర్పూర్ పేపర్ మిల్స్ 1938లో కంపెనీగా ఏర్పడింది, 1942లో కాగితం తీయడం మొదలుపెట్టింది. ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. బయటి నుంచి కాగితం రావడం గగనమైన సమయంలో ఇక్కడి యంత్రాలు తిరిగాయి. కొత్తపేట అనే పల్లె కాస్తా కాగజ్‌నగర్ అయింది. ప్రైవేటు యాజమాన్యం తర్వాతి సంగతి. 1950లలో బిర్లాల చేతికి వెళ్లేనాటికి రైలు, భూమి, అడవి, మూలధనంలో వాటా, అన్నిటా ప్రభుత్వ హస్తం పడే ఉంది.

మిల్లు ఏం తింటుందో చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. వెదురు బొంగులు లోపలికి వెళ్లగానే చిప్పర్ వాటిని వేలెడు ముక్కలుగా నరుకుతుంది. ఆ ముక్కల్ని డైజెస్టర్ అనే పెద్ద ఉక్కు పాత్రలో పోసి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన ద్రావణంతో ఆవిరి ఒత్తిడి మీద గంటల తరబడి ఉడికిస్తారు. వెదురులో పీచును పట్టి ఉంచే జిగురు పదార్థం కరిగి నల్లటి ద్రవమై దిగుతుంది, పీచు మిగులుతుంది. కాగితం మిల్లు ఉన్న ఏ ఊరికి వెళ్లినా దూరం నుంచే ముక్కుకు తగిలే కుళ్లిన కోడిగుడ్డు వాసన ఈ ఉడుకులో పుట్టే గంధకపు వాయువులదే. నల్ల ద్రవాన్ని చిక్కబరిచి బాయిలర్లో కాలిస్తే ఆవిరీ వస్తుంది, రసాయనాలు కూడా చాలామటుకు తిరిగి వస్తాయి. కడిగి తెల్లబరిచిన పీచును నూటికి తొంభైతొమ్మిది పాళ్లు నీళ్లుండేంత పలచగా చేసి, కదులుతున్న సన్నని జల్లెడ మీద పరుస్తారు. నీళ్లు దిగిపోయి, రోలర్ల మధ్య నలిగి, వేడి డ్రమ్ముల మీద ఆరి, చివర కాగితమై చుట్టుకుంటుంది. టన్ను కాగితానికి రెండు నుంచి మూడు టన్నుల వెదురు కావాలి. దానికి తోడు నీళ్లు, బొగ్గు. అంటే బయటి నుంచి తెచ్చిన యంత్రాలను పక్కన పెడితే, ఈ పరిశ్రమ సరుకంతా ఆ నేల మీదిదే.

ఆ నేల అప్పటికి ఖాళీగా లేదు. మిల్లు కంపెనీగా ఏర్పడిన ఏడాదికీ, మొదటి కాగితం తీసిన ఏడాదికీ సరిగ్గా మధ్యలో, 1940లో, ఇదే జిల్లా జోడేఘాట్‌లో గోండుల తిరుగుబాటు నడిపిన కొమురం భీం నిజాం బలగాల కాల్పుల్లో చనిపోయాడు. రిజర్వు అడవుల పేరిట గోండుల పోడు భూములు లాక్కోవడం, పశువుల మేతకు, కట్టెపుల్లకు పన్ను కట్టించడం, పట్వారీల, అటవీ సిబ్బంది వేధింపు ఆ తిరుగుబాటుకు కారణాలు. అది అణగారాక గోండుల స్థితిగతులు అధ్యయనం చేయడానికి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను రప్పించారు. మిల్లు వల్లే తిరుగుబాటు వచ్చిందనడం చరిత్రను వంచడమే అవుతుంది, అలా అనడం లేదు. కానీ రెండింటి వెనకా ఒకే సూత్రం ఉంది: అడవి సర్కారుది, ఎవరికి ఎంతకివ్వాలో సర్కారే నిర్ణయిస్తుంది. తరతరాలుగా అందులో బతికినవాడికి కట్టెపుల్ల మీద పన్ను. మిల్లుకు దీర్ఘకాలపు ఒప్పందాల మీద చౌక వెదురు. స్వాతంత్ర్యం తర్వాత కూడా దశాబ్దాల పాటు దేశంలో చాలా కాగితం మిల్లులు ఈ చౌక మీదే నడిచాయి. బుట్టలల్లే మేదరి బజారు ధర పెట్టి వెదురు కొనుక్కుంటుంటే, పక్కనే మిల్లు లారీల కొద్దీ నామమాత్రపు రుసుముకు ఎత్తుకుపోయేది. కంపెనీ బ్యాలెన్సు షీటులో ఈ తేడా లాభంగా కనపడింది. అది ఎవరి జేబులోంచి వచ్చిందో రాసుకునే గడి అందులో ఉండదు.

ఈ పునాది మీద కట్టిన ఊరు మాత్రం నిజంగా చూడదగ్గదే. పల్లెలు నెమ్మదిగా పెరిగి పట్నాలవుతాయి. కంపెనీ ఊరు ఒక్కసారిగా కాగితం మీద గీసినట్టు వస్తుంది. మేనేజర్లకు తోట ఉన్న బంగళాలు, గుమాస్తాలకు ఒక రకం క్వార్టర్లు, కూలీలకు మరో రకం వరసలు. ఎవడి హోదా ఏమిటో వాడి గుమ్మం చూస్తే తెలిసిపోతుంది. క్లబ్బు, బడి, ఆసుపత్రి, ఆటస్థలం ఏ కంపెనీ ఊళ్లోనైనా దాదాపు ఇదే వరస. గడియారాలు కొనుక్కోలేని కాలంలో సైరనే అందరికీ గడియారం. పని కోసం తెలంగాణ, ఆంధ్ర జిల్లాలవాళ్లే కాక ఉత్తర భారతం నుంచి, అటు మహారాష్ట్ర నుంచి కూడా జనం వచ్చారు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకు దగ్గర్లోనే నజ్రుల్‌నగర్ వంటి ఊళ్లు ఏర్పడ్డాయి. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, బెంగాలీ, గోండీ అన్నీ వినపడే సంత తెలంగాణలో మరెక్కడ ఉంటుందో చెప్పడం కష్టం. 2011 జనాభా లెక్కల్లో పట్టణ జనాభా సుమారు 57 వేలు. ఎనభై ఏళ్ల కిందట దాదాపు సున్నా దగ్గర మొదలైన ఊరికి ఇది చిన్న సంఖ్య కాదు. కార్మిక సంఘం బలం ఎంతటిదంటే, ఐఎన్‌టీయూసీ నాయకుడు జి. సంజీవరెడ్డి 1960లలో సిర్పూర్ నియోజకవర్గం నుంచే శాసనసభకు వెళ్లారు. యూనియన్ ఎన్నికలంటే ఊరికి అసెంబ్లీ ఎన్నికలంత.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. కంపెనీ రాకపోతే ఇక్కడ ఏముండేది? అడవి, వాగు, నాలుగు గుడిసెలు. బడి పెట్టింది వాళ్లు, ఆసుపత్రి కట్టింది వాళ్లు, తిండి పెట్టింది వాళ్లు. ఇప్పుడు హక్కులంటూ లెక్కలు తీయడం విశ్వాసం కాదు అంటారు. మూడు తరాలు మిల్లు జీతంతో పిల్లల్ని చదివించుకున్న ఇంట్లో ఈ మాట మనస్ఫూర్తిగానే వస్తుంది, దాన్ని తేలిగ్గా కొట్టెయ్యలేం. కానీ కంపెనీ క్వార్టర్లు కట్టింది దయతో కాదు, అవసరంతో. అడవి మధ్యలో మూడు షిఫ్టులు నడవాలంటే మనుషులు గేటుకు నడిచి వచ్చేంత దూరంలో ఉండాలి. జ్వరం వస్తే వారంలో తిరిగి పనిలోకి దిగాలి. పిల్లల చదువు కోసం మంచి మెకానిక్ హైదరాబాద్ వెళ్లిపోకూడదు. బడి, ఆసుపత్రి, ఇల్లు ఇవన్నీ డైజెస్టర్, బాయిలర్ల లాగే ఉత్పత్తికి కావలసిన సామగ్రి. జీతంలో కోత పడని, అలాగని జీతంగా లెక్కకు రాని సౌకర్యాలు కాబట్టి అవి కానుకల్లా కనపడ్డాయి. పైగా క్వార్టర్ ఎప్పుడూ కార్మికుడిది కాలేదు. ముప్పయ్యేళ్లు పనిచేసినవాడు రిటైరైన రోజు తాళంచెవి అప్పజెప్పాల్సిందే. అదే ముప్పయ్యేళ్లలో రాజమండ్రి మిల్లు కార్మికుడు ఊరి చివర రెండు గదులు వేసుకుని ఉంటే, అవి వాడి పిల్లలకు మిగులుతాయి.

రాజమండ్రి పోలిక ఊరికే తేలేదు. అక్కడి కాగితం మిల్లు 1924 నాటిది, ఎస్‌పీఎం కన్నా పాతది. అదీ యజమానుల్ని మార్చింది. ప్రభుత్వం చేతిలో ఉంది, ప్రైవేటుకు వెళ్లింది, 2011లో అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ పేపర్ కొన్నది, 2019లో వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్‌కు అమ్మేసింది. ఈ అమ్మకాల వేళ రాజమండ్రి కార్మికులు ఆందోళన పడ్డారేమో కానీ రాజమండ్రి పట్టణం పడలేదు. గోదావరి రేవు, బట్టల బజారు, కాలేజీలు, ఆసుపత్రులు, చుట్టూ వరిపొలాలు ఉన్న ఊరికి మిల్లు పది ఆధారాల్లో ఒకటి. వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు మూతపడి భూమి ప్లాట్లయినప్పుడు నేతన్నలు, మిల్లు కార్మికులు నలిగిపోయారు, అయినా వరంగల్ పెరుగుతూనే పోయింది. కంపెనీ ఊరికి ఆ వెసులుబాటు లేదు. ఒక మిల్లు మూతపడటానికీ ఒక ఊరు మూతపడటానికీ మధ్య ఉండాల్సిన దూరం అక్కడ కట్టేటప్పుడే చెరిపేశారు.

ఎస్‌పీఎం ఎందుకు ఆగింది? యాజమాన్యం చేతగానితనమని కొందరు, యూనియన్ల గొడవని కొందరు చెబుతారు. ఎవరి వాటా ఎంతో తేల్చే పని ఇక్కడ పెట్టుకోవడం లేదు. వాటికన్నా లోతైన కారణం ఒకటి 1988లోనే కాగితం మీదికొచ్చింది. ఆ ఏడాది వచ్చిన జాతీయ అటవీ విధానం, అడవి సరుకు మీద ఆధారపడ్డ పరిశ్రమలు తమ ముడిసరుకును రైతులతో ఒప్పందాలు చేసుకుని పండించుకోవాలని, అడవి నుంచి రాయితీ ధరకు ఇవ్వడం ఆపాలని చెప్పింది. అడవుల పరంగా చూస్తే సరైన నిర్ణయమే, ఇంకా ముందే రావలసింది. తర్వాత 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా లెక్కించి, దాని మీద అడవిబిడ్డల హక్కును ఒప్పుకుంది. అంటే ఊరికి పునాదిగా వేసిన చౌక వెదురు ఏర్పాటును రాజ్యం తానే వెనక్కి తీసుకుంది. మిల్లులు సుబాబుల్, జామాయిల్ వైపు తిరిగాయి. కానీ సుబాబుల్ బాగా పండేది ప్రకాశం, కృష్ణా, ఖమ్మం వైపు. అక్కడికి రాజమండ్రి మిల్లు దగ్గర, భద్రాచలం పక్కన సారపాక మిల్లు దగ్గర. కాగజ్‌నగర్ దూరం. వెదురు దగ్గరుందని కట్టిన చోటే ఇప్పుడు కలప దూరమైన చోటు అయింది. మిల్లును ఇక్కడ పెట్టడానికున్న కారణం కరిగిపోతున్న పాతికేళ్లూ, ఆ విధానం మార్చిన ప్రభుత్వాల్లో ఏ ఒక్కటీ కాగజ్‌నగర్‌కు ఇంకో జీవనాధారం చూడాలని అనుకున్నట్టు దాఖలా కనపడదు. కంపెనీ చూసుకుంటుందిలే అనుకున్నారు. కంపెనీ తన షేర్‌హోల్డర్లను చూసుకుంది, దాని పని అదే.

ఉత్పత్తి ఆగినప్పుడు ఇలాంటి ఊళ్లో ఏమవుతుందో వరస క్రమంలో ఆలోచిస్తే బాగా అర్థమవుతుంది. మొదటి నెల జీతం రాదు. కిరాణా కొట్లో ఉద్దెర ఖాతా పెరుగుతుంది. మిల్లు తెరుస్తారన్న నమ్మకంతో షావుకారు ఇస్తూనే ఉంటాడు, ఎందుకంటే ఇవ్వడం ఆపితే పాత బాకీ కూడా మునుగుతుంది. మూడో నెలకు షావుకారు తనకు సరుకిచ్చే హోల్‌సేలు వ్యాపారికి బాకీ పడతాడు. ముందుగా ఊరు వదిలేది కాంట్రాక్టు కూలీ, వాడికి పోగొట్టుకునే బకాయి పెద్దగా ఉండదు. తర్వాత చెయ్యి తిరిగిన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు వెళ్తారు, వాళ్లకు వేరేచోట గిరాకీ ఉంది. చివరి దాకా మిగిలేది యాభై దాటిన పర్మినెంటు కార్మికుడు. వెళ్తే గ్రాట్యుటీ, బకాయిలు ఏమవుతాయో తెలియదు, ఉంటే తిండి లేదు. పిల్లల ఫీజు, ఆడపిల్ల పెళ్లి, తల్లిదండ్రుల మందులు ఏవీ ఆగవు. ఊళ్లో సొంతిల్లు కట్టుకున్నవాడికి అమ్ముదామంటే కొనేవాడుండడు, మిల్లు మీద నమ్మకం ఎంతో ఇంటి ధర అంత. ఫ్యాక్టరీ గేటు లోపల ఎన్నడూ అడుగుపెట్టని టీకొట్టువాడు, టైలరు, ఆటోవాడు, ట్యూషన్ మాస్టరు కూడా ఇదే వరసలో ఉంటారు.

ఇప్పుడు చట్టం వీళ్లను ఎలా చూస్తుందో గమనించండి. 2016 దివాలా చట్టం కింద ఎస్‌పీఎం వ్యవహారం హైదరాబాద్‌లోని కంపెనీ లా ట్రిబ్యునల్ ముందుకు వెళ్లింది. ఆ చట్టంలో కంపెనీ ఆస్తుల్ని అమ్మి పంచాల్సివస్తే ఎవరికి ముందు, ఎవరికి వెనక అన్న వరస ఉంది. తాకట్టు పెట్టుకుని అప్పిచ్చిన బ్యాంకులతో సమానంగా కార్మికులకూ చోటిచ్చారు, మంచిదే. కానీ ఆ సమాన హోదా చివరి 24 నెలల బకాయిలకే. ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీలను విడిగా కాపాడారు, అదీ మంచిదే. సరుకు సరఫరా చేసిన వ్యాపారులు వెనక వరసలో ఉంటారు. మరి ఉద్దెరిచ్చిన కిరాణా షావుకారు? అతను వరసలోనే లేడు. అతను అప్పిచ్చింది కంపెనీకి కాదు, కార్మికుడికి. ఇల్లు అద్దెకిచ్చినవాడు, ఫీజు రాని బడి, వీళ్లెవరూ చట్టం దృష్టిలో కంపెనీతో సంబంధం ఉన్నవాళ్లు కాదు. కంపెనీని కాపాడే ప్రణాళిక మీద ఓటు ఆర్థిక సంస్థలది. ఊరు అన్న మాట ఆ ప్రక్రియలో ఎక్కడా ఒక పక్షంగా కనపడదు. బ్యాంకులను తప్పుబట్టాల్సిన పని లేదు. వాళ్లు కూర్చున్నది అప్పు రాబట్టుకోవడానికే. తప్పు ఆ బల్ల చుట్టూ కుర్చీలు వేసినవాళ్లది.

2018 జులైలో ట్రిబ్యునల్ జేకే పేపర్ ప్రణాళికను ఆమోదించింది. సుమారు 370 కోట్ల రూపాయల ప్రతిపాదన అది. తెలంగాణ ప్రభుత్వం పన్నుల్లో, కరెంటులో, కలప సరఫరాలో రాయితీలిచ్చి దారి సుగమం చేసింది. ఆగస్టులో మిల్లు కొత్త చేతుల్లోకి వెళ్లింది, తర్వాత మరమ్మతులై మళ్లీ కాగితం వచ్చింది. దీన్ని చూపించి రెండో అభ్యంతరం చెబుతారు: చూశారా, చట్టం పనిచేసింది, మార్కెట్ పనిచేసింది, ఊరు బతికింది, ఇంకేం కావాలి? నాలుగేళ్ల ఆకలి పద్దును పక్కన పెట్టినా ఈ వాదన నిలవదు. ఎస్‌పీఎంను బతికించింది మార్కెట్ ఒక్కటే అయితే రాయితీల అవసరం ఉండేది కాదు. అవి ఇవ్వడం తప్పని కూడా అనడం లేదు. యాభై వేల మందికి పైగా ఉన్న ఊరు ఆరిపోతుంటే ఏ ప్రభుత్వమైనా డబ్బు పెట్టాలి, పెట్టినందుకు మెచ్చుకోవాలి. అయితే ఆ డబ్బు ఎందుకు పెట్టారు? కాగితం కోసం కాదు, దేశంలో కాగితం మిల్లులు చాలా ఉన్నాయి. ఊరి కోసం పెట్టారు. ఊరి కోసం పెట్టిన డబ్బుకు బదులుగా ఊరికి రాసిచ్చిన హక్కేమిటని అడిగితే ఉద్యోగాలు వస్తాయి అన్న ఆశ ఒక్కటే జవాబు. పాతవాళ్లలో ఎందరిని తీసుకుంటారు, ఎంత జీతానికి, కాంట్రాక్టు పద్ధతి ఎంత శాతం అన్నవి యాజమాన్యం, యూనియన్ తేల్చుకునే సంగతులుగా మిగిలిపోయాయి. మళ్లీ ఆగితే ఏం చెయ్యాలన్నది ఎవరి సంగతీ కాలేదు.

మూడో అభ్యంతరం కాస్త కఠినమైనది, ఆర్థికవేత్తలు ఇష్టపడేది. ఊళ్లు పుడతాయి, చస్తాయి. ఒక పని కోసం పుట్టిన ఊరు ఆ పని అయిపోయాక ఖాళీ కావడం సహజం. జనం పని ఉన్నచోటికి వెళ్లాలి, ప్రభుత్వం వెళ్లేవాడికి సాయం చెయ్యాలే కానీ ఊరికి ఊపిరి పొయ్యకూడదు. ఇందులో సగం నిజముంది. గని ఎండిపోయాక ఊరిని బలవంతంగా నిలబెట్టడం డబ్బు దండగ కావచ్చు. కానీ అవతలి సగం చూడండి. ములుగు జిల్లా కమలాపురంలో రేయాన్ గుజ్జు తీసే బిల్ట్ ఫ్యాక్టరీ 2014లో ఆగింది, మళ్లీ తెరుచుకోలేదు. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటుకు వెళ్లాక 2015 చివర మూతపడింది. ఈ ఊళ్లలో ఎవరూ ఉన్నఫళంగా లేచి వెళ్లలేదు. వయసు మళ్లినవాళ్లు, బకాయిల కేసు నడుస్తున్నవాళ్లు, వెళ్లడానికి చేతిలో పైసా లేనివాళ్లు మిగిలిపోయారు. ఊరు చస్తుందంటే ఒక్కసారిగా కాదు, బలహీనుల్ని మిగుల్చుకుంటూ చస్తుంది. సహజంగా ఖాళీ అవుతుంది అనేవాళ్లు కోరుకునే ఆ వలసకైనా చేతిలో కొంత ఆస్తి ఉండాలి. క్వార్టర్లో బతికినవాడికి లేనిది సరిగ్గా అదే.

నాలుగోది, పట్టణవాసుల్లోనే గట్టిగా ఉన్నది: ఊరిని కంపెనీ చేతిలోంచి తీసి మున్సిపాలిటీకిస్తే ఉన్నది కూడా పాడవుతుంది. జంషెడ్‌పూర్ చూడండి అంటారు. నిజమే, అక్కడ నీళ్లు, రోడ్లు టాటా సంస్థలు చూసుకుంటాయి, మున్సిపల్ కార్పొరేషన్ పెడతామంటే జనమే వద్దన్న సందర్భాలున్నాయి. మన రాజ్యాంగం కూడా దీనికి తలుపు తెరిచింది. 74వ సవరణతో వచ్చిన 243క్యూ అధికరణంలో, పరిశ్రమే పౌర సేవలు అందిస్తున్న చోట గవర్నర్ పారిశ్రామిక టౌన్‌షిప్‌గా ప్రకటించి మున్సిపాలిటీ లేకుండా ఉంచవచ్చని మినహాయింపు ఉంది. మన మున్సిపాలిటీల సంగతి తెలిసినవాళ్లెవరూ ఈ భయాన్ని నవ్వి తోసెయ్యరు. కానీ జంషెడ్‌పూర్ వాదనలో ఒక షరతు దాగి ఉంది: ఉక్కుకు గిరాకీ ఉండాలి, కంపెనీకి లాభం ఉండాలి. లాభం ఉన్నంతకాలం నడిచే నల్లా మంచి ఏర్పాటే కావచ్చు, దాన్ని పౌర హక్కు అనలేం. కాగజ్‌నగర్‌లో మున్సిపాలిటీ ఉంది కూడా. సమస్య ఏమిటంటే ఒకే ఊళ్లో రెండు ఏలుబడులు నడవడం, పెద్ద ఆస్తి, పెద్ద నిర్ణయం మున్సిపాలిటీ చేతికందని వైపు ఉండడం.

ఈ తగాదాను ప్రపంచంలో ఒక కోర్టు సూటిగానే తేల్చింది. షికాగో పక్కన రైలు పెట్టెలు తయారుచేసే జార్జ్ పుల్‌మన్ 1880లలో తన పేరుతోనే ఊరు కట్టాడు. ఇటుక ఇళ్లు, పార్కులు, గ్రంథాలయం, చూడ్డానికి వచ్చినవాళ్లు ముచ్చటపడేవారు. 1893 మాంద్యంలో జీతాలు కోశాడు, ఇంటి అద్దెలు మాత్రం తగ్గించలేదు. మరుసటి ఏడాది సమ్మె దేశంలో చాలాచోట్ల రైళ్లను ఆపేసింది. చివరికి 1898లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు, రైలు పెట్టెలు చేసే కంపెనీకి ఊరిని నడిపే అధికారం దాని చార్టరులో లేదని, ఆ ఇళ్లన్నీ వదిలించుకోవాలని చెప్పింది. యజమాని చెడ్డవాడా మంచివాడా అన్న విచారణలోకి కోర్టు వెళ్లలేదు. ఊరు కలిగి ఉండటం కంపెనీ పని కాదు, అంతే. మన దగ్గర నూట పాతికేళ్ల తర్వాత కూడా చర్చ యజమాని గుణం చుట్టూనే తిరుగుతోంది.

చెయ్యగలిగింది ఉందా అంటే, మన దగ్గరే నమూనా ఉంది. బొగ్గు గనులకు 2009 నుంచి ఒక నిబంధన అమల్లో ఉంది: గని నడుస్తున్నంతకాలం ఏటా కొంత సొమ్ము విడి ఖాతాలో వెయ్యాలి, గని మూసినప్పుడు నేలను బాగుచెయ్యడానికి ఆ డబ్బు వాడాలి. గని ఎప్పటికైనా మూతపడుతుందని ముందే ఒప్పుకోవడం ఇందులోని తెలివి. మిల్లులకు ఆ ఒప్పుకోలు లేదు. ప్రభుత్వ రాయితీ తీసుకునే ప్రతి ఒంటరి పరిశ్రమ పట్టణంలో ఇలాంటి ఖాతా ఒకటి మున్సిపాలిటీ పేరిట పెట్టించవచ్చు. రాయితీ విలువలో చిన్న వంతు చాలు. క్వార్టర్లను వాయిదాల మీద కార్మికులకే అమ్మాలని షరతు పెట్టవచ్చు. దివాలా ప్రక్రియలో స్థానిక సంస్థకు ఓటు లేకపోయినా మాట్లాడే హక్కు ఇవ్వవచ్చు. ఇలా షరతులు పెడితే ఎవరూ ముందుకు రారు, ఆసిఫాబాద్ అడవుల్లోకి పెట్టుబడి రావడమే గొప్ప అని పరిశ్రమల శాఖ అధికారులు అనవచ్చు. దిక్కులేని రోజున బేరం ఆడలేమన్నది నిజం. అందుకే ఆ బేరం మిల్లు ఆగిన రోజున కాదు, నడుస్తున్న రోజుల్లో ఆడాలి. రాయితీలకు గడువులుంటాయి, కలప సరఫరా ఒప్పందాలకు గడువులుంటాయి, విస్తరణకు అనుమతులు కావాలి. అవి అడగడానికి కంపెనీ హైదరాబాద్ వచ్చే రోజున కాగజ్‌నగర్ మున్సిపాలిటీని కూడా అదే గదిలో కూర్చోబెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు సరిపోతుంది. సర్‌సిల్క్ నడిచినన్నాళ్లూ అలాంటి ఉత్తర్వు అడిగినవాళ్లు లేరు.